1990ని వాడ నుంచి చదివితే

పోటీ పరీక్షల పుస్తకాల్లో 1990కి నాలుగైదు లైన్లకు మించి చోటుండదు. ఏప్రిల్‌లో హబుల్ టెలిస్కోప్ అంతరిక్షంలోకి వెళ్లింది. ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. అక్టోబర్ 3న రెండు జర్మనీలు ఒక్కటయ్యాయి. ఇవి పెద్ద సంఘటనలే, కాదనలేం. అయితే అదే ఏడాది వేర్వేరు దేశాల్లో వివక్షకు సంబంధించిన చట్టాలు కూడా మారాయి. కొన్ని రద్దయ్యాయి, కొన్ని కొత్తగా అమల్లోకి వచ్చాయి. వాటిని పక్కపక్కన పెట్టి చదివితే ఒక తేడా కనిపిస్తుంది. చట్టమే రాసిపెట్టిన వివక్షను రద్దు చేయించుకోవడం ఒక పోరాటం. చట్టం నిషేధించినా ఊళ్లో బతికే వివక్షను ఎదుర్కోవడం ఇంకో పోరాటం. ఈ రెండో పోరాటం ఎందుకు ఇంత కాలం పడుతోందో అర్థం చేసుకోవడానికి 1990 మనకు బాగా పనికొస్తుంది.

దక్షిణాఫ్రికా: చట్టం పోయింది, గీత మిగిలింది

1990 ఫిబ్రవరి 2న దక్షిణాఫ్రికా అధ్యక్షుడు డి క్లర్క్ పార్లమెంటులో మాట్లాడుతూ ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ మీద, మరికొన్ని సంస్థల మీద ఉన్న నిషేధం ఎత్తేస్తున్నట్టు ప్రకటించాడు. ఫిబ్రవరి 11న నెల్సన్ మండేలా 27 ఏళ్ల జైలు జీవితం నుంచి బయటికి వచ్చాడు. మార్చి 21న పక్కనున్న నమీబియా దక్షిణాఫ్రికా పాలన నుంచి స్వతంత్రమైంది. సరిగ్గా 30 ఏళ్ల కింద, 1960లో అదే తేదీన, షార్ప్‌విల్‌లో పాస్ చట్టాలకు వ్యతిరేకంగా నిరసన తెలిపిన నల్లజాతీయుల మీద పోలీసులు కాల్పులు జరిపి 69 మందిని చంపారు. నమీబియా కొత్త రాజ్యాంగం జాతివివక్షను నిషేధించడంతో ఆగలేదు. వివక్షకు గురైనవాళ్ల కోసం ప్రత్యేక చర్యలు తీసుకునే అధికారం కూడా ప్రభుత్వానికిచ్చింది.

మనం ఆగి చూడాల్సింది ఆ ఏడాది అక్టోబర్ 15. ఆ రోజు దక్షిణాఫ్రికాలో 1953 నాటి 'ప్రత్యేక సౌకర్యాల చట్టం' రద్దయింది. పార్కులు, బీచ్‌లు, లైబ్రరీలు, బస్సులు, మరుగుదొడ్లు తెల్లవాళ్లకు వేరుగా, మిగతావాళ్లకు వేరుగా పెట్టిన చట్టం అది. రెండు చోట్లా సౌకర్యాలు సమానంగా ఉండక్కర్లేదని కూడా అందులో స్పష్టంగా రాసుకున్నారు.

చట్టం పోయిన వెంటనే తెల్లజాతి పార్టీల చేతిలో ఉన్న కొన్ని చిన్న పట్టణాల కౌన్సిళ్లు కొత్త దారి వెతికాయి. లైబ్రరీ లాంటి వాటిని 'స్థానికేతరులు' వాడుకోవాలంటే భారీ ఫీజు కట్టాలన్నాయి. ఈ నిబంధనలో నలుపు, తెలుపు అనే మాటే లేదు. అయితే స్థానికేతరులు ఎవరు? నల్లజాతీయులు ఎక్కడ ఉండాలో నిర్ణయించిన 'గ్రూప్ ఏరియాస్ చట్టం' 1991 దాకా రద్దు కాలేదు. వాళ్లను పట్టణం బయట టౌన్‌షిప్పుల్లో ఉంచారు. రోజూ పట్టణంలో పనిచేసేవాళ్లు కాగితం మీద ఆ పట్టణం మనుషులు కాకుండా పోయారు.

ఊరికి, వాడకు మధ్య గీత తెలిసిన మనకు ఇది కొత్త సంగతి కాదు. మనుషులు ఎక్కడ ఉండాలో ముందే తేల్చేస్తే, ఆ తర్వాత కులం పేరో, రంగు పేరో ఎత్తకుండానే వాళ్లను బయట నిలబెట్టొచ్చు.

అమెరికా: మెట్లు కూడా వివక్షే

అదే ఏడాది మార్చి 12న వాషింగ్టన్‌లో వికలాంగుల హక్కుల కార్యకర్తలు పార్లమెంటు భవనం ముందు చక్రాల కుర్చీలు దిగి, మెట్ల మీద పాక్కుంటూ పైకెక్కారు. పెండింగ్‌లో ఉన్న వికలాంగుల హక్కుల బిల్లును ఆమోదించాలన్నది వాళ్ల డిమాండ్. జులై 26న అది చట్టమైంది. "మిమ్మల్ని రావద్దని ఎవరన్నారు?" అని అప్పటిదాకా తప్పించుకున్న సంస్థలకు ఆ దారి మూసుకుపోయింది. తలుపు తెరిచే ఉండొచ్చు. లోపలికి వెళ్లే దారి లేకపోతే అదీ వివక్షేనని చట్టం ఒప్పుకుంది.

మన దగ్గర: నిషేధం ఉంది, శిక్ష లేదు

ఇప్పుడు మన దేశానికి వద్దాం. ఇక్కడ అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణ 1950లోనే రద్దు చేసింది. దక్షిణాఫ్రికాలోలా కొట్టేయాల్సిన చట్టమేదీ మిగల్లేదు. 1955లో అంటరానితనం నేరాల చట్టం కూడా వచ్చింది. అయినా 1968లో తమిళనాడులోని కీళ్‌వెణ్మణిలో 44 మందిని గుడిసెలో తగలబెట్టారు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. అక్కడ గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గర. నీళ్లు పాడుచేయొద్దని అడగడమే నేరమైంది. ఆ నెత్తుటి నుంచే దళిత మహాసభ పుట్టింది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటివాళ్లు ఆ పోరాటాన్ని రాష్ట్రమంతా తీసుకెళ్లారు.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989 పేరుతో ఉన్నా, అమల్లోకి వచ్చింది 1990 జనవరి 30న. దళితులు, ఆదివాసీలు వాడుకునే నీటిని పాడుచేయడం ఈ చట్టం కింద నేరం. తినకూడనిది తినిపించడం, బట్టలూడదీసి ఊరేగించడం, భూమి లాక్కోవడం కూడా నేరాలే. విధులు కావాలని పక్కనపెట్టిన అధికారిని శిక్షించడానికి నాలుగో సెక్షన్ ఉంది. ముందస్తు బెయిలుకు తావివ్వకుండా 18వ సెక్షన్ ఉంది. 'మనసులు మారాలి' అన్న ఉపదేశం స్థానంలో 'చేస్తే జైలు' అన్న మాట చట్టంలోకి ఎక్కింది.

ఆ ఏడాదే అంబేడ్కర్‌కు, ఆయన పోయిన 34 ఏళ్లకు, భారతరత్న ఇచ్చారు. పార్లమెంటు సెంట్రల్ హాల్లో ఆయన చిత్రపటం పెట్టారు. అదే ఏడాది మండేలాకూ భారతరత్న ఇచ్చారు. బౌద్ధం తీసుకున్న దళితులను షెడ్యూల్డ్ కులాల జాబితాలో చేర్చారు. క్రైస్తవం తీసుకున్నవాళ్లను మాత్రం బయటే ఉంచారు. కోస్తా జిల్లాల వాడల్లో ఆ మాట ఎంతమందిని తాకుతుందో మనకు తెలుసు.

ఆగస్టు 7న ప్రధాని వి.పి. సింగ్ మండల్ కమిషన్ సిఫార్సు అమలు చేస్తామని ప్రకటించాడు. కేంద్ర ఉద్యోగాల్లో వెనుకబడిన కులాలకు 27 శాతం. ఈ నివేదిక 1980 నుంచి పదేళ్లు ఫైళ్లలో పడి ఉంది. ప్రకటన రాగానే అగ్రకుల విద్యార్థులు రోడ్లెక్కారు. అక్టోబర్ 1న సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. రథయాత్ర మీదున్న అద్వానీని అక్టోబర్‌లో అరెస్టు చేయగానే బీజేపీ మద్దతు ఉపసంహరించుకుంది. నవంబర్ 7న ప్రభుత్వం కూలింది. 27 శాతాన్ని కోర్టు సమర్థించింది 1992 నవంబర్‌లో.

చట్టానికి మూడు తేదీలు

అత్యాచారాల నిరోధక చట్టం అమల్లోకి వచ్చిన ఏడాదిన్నరకు, 1991 ఆగస్టు 6న, చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. చట్టానికి కావలసిన నిబంధనలు అప్పటికి లేవు. అవి వచ్చింది 1995లో. చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టాలని బాధితులు పోరాడి సాధించుకున్నారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది.

అందుకే ఏ చట్టం గురించి చదివినా మనం మూడు తేదీలు రాసుకోవాలి. పార్లమెంటు ఆమోదించింది ఎప్పుడు, అమల్లోకి వచ్చింది ఎప్పుడు, బాధితుల గడప దాకా చేరింది ఎప్పుడు. మొదటి రెండూ గెజిట్‌లో దొరుకుతాయి. మూడోది మనం వెతకాల్సిందే.

వెతకడానికి దారి చట్టంలోనే ఉంది. 1995 నిబంధనల్లో 17వది ప్రతి జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ ఉండాలంటుంది. అది మూడు నెలలకోసారైనా సమావేశం కావాలి. మన జిల్లాలో చివరి సమావేశం ఎప్పుడు జరిగింది? ఏ కేసులు చర్చకు వచ్చాయి? ఎందరికి పరిహారం అందింది? నాలుగో సెక్షన్ కింద ఒక్క అధికారి మీదైనా కేసు పెట్టారా? సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు రాస్తే ఇవన్నీ అడగొచ్చు. విద్యార్థి సంఘాలు జిల్లాకొకటి చొప్పున ఈ పని మొదలుపెడితే, 1990లో వచ్చిన చట్టం ఏ జిల్లాలో ఎంతవరకు నడిచిందో మన చేతుల్లో లెక్క ఉంటుంది.