సైనికుడి కాలు, బీదవాడి కాలు

తాడేపల్లిగూడెం ప్రాంతం వారికి రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వేసిన పాత రన్‌వే పరిచయమే. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు కురిపించాయి. యుద్ధం మన గుమ్మం దాకా వచ్చిన ఆ రోజులకు ఆ రన్‌వే ఆనవాలు. అయితే అదే యుద్ధం ఏలూరు, కొల్లేరు, భీమవరం ప్రాంతాలకు మరో ఆనవాలునూ మిగిల్చింది. అది నేల మీద కనిపించదు. అది బోదకాలు మందు బిళ్ల!

యుద్ధంలో తూటాల కన్నా రోగాలే సైన్యాలను ఎక్కువగా భయపెట్టిన సందర్భాలున్నాయి. 1942లో జావా ద్వీపం జపాన్ వశం కావడంతో మిత్రరాజ్యాలకు క్వినైన్ అందకుండా పోయింది. దాంతో మలేరియాకు మెపాక్రిన్ అనే మందును పెద్దఎత్తున తయారు చేసుకోవలసి వచ్చింది. 1941లో ఒక్క రోగికి కూడా సరిపోని పెన్సిలిన్, 1944లో నార్మండీ తీరంలో గాయపడ్డ సైనికులకు చాలినంత సిద్ధమైంది. పసిఫిక్ ద్వీపాల్లో దిగిన అమెరికా సైనికులకు ఇంకో కష్టం వచ్చిపడింది. దోమకాటుతో వేల మందికి ఫైలేరియా సోకింది. చేతులు, కాళ్లు, గజ్జలు వాచిపోయాయి. బతుకంతా ఏనుగు కాలుతో ఈడ్వవలసి వస్తుందేమోనని ఆ యువకులు కుమిలిపోయారు. అప్పటికి దానికి నమ్మదగిన మందు లేదు.

ఆ మందు వెదికిన బృందానికి నాయకుడు ఎవరో తెలుసా? 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారే. స్ప్రూ అనే పేగుల వ్యాధితో ఇద్దరు సోదరులను పోగొట్టుకున్న ఆయన వైద్యం చదివి అమెరికా వెళ్లారు. న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనకు సారథ్యం వహించారు. ఫైలేరియా జాతి పురుగులు సోకిన ఎలుకల మీద అక్కడి బృందం ఎన్నో రసాయనాలను పరీక్షించింది. చివరికి 1947లో హెట్రజాన్ వెలువడింది. డీఈసీ అని మనం పిలిచే బిళ్ల అదే. మరుసటి ఏడాది, 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. బోదకాలు పసిఫిక్ యుద్ధంతో పుట్టింది కాదు. దోమ ద్వారా ఈ పురుగు వ్యాపిస్తుందని ప్యాట్రిక్ మ్యాన్సన్ 1877లోనే గుర్తించాడు. మన డెల్టాలో తరతరాలుగా కూలివాడు, చేపలవాడు, ఇంటి ఇల్లాలు ఆ కాలుతోనే నడిచారు. వారి కోసం మేల్కొనని ప్రయోగశాలలు సైనికుడి కాలు వాచాక మేల్కొన్నాయి. మందు దొరికినందుకు దేవునికి స్తోత్రం చెబుదాం. కానీ అందుకు యుద్ధాన్ని పొగడనక్కరలేదు. అన్నలు తలపెట్టిన కీడును దేవుడు మేలుగా మార్చాడని యోసేపు గ్రహించాడు కానీ, ఆ కీడును మంచిదనలేదు. యుద్ధం వస్తే తప్ప బీదవాడి నొప్పి పట్టించుకోకపోవడం మానవజాతి తప్పిదమే.

ఆ తప్పు మనమూ చేయకూడదు. మురుగు కాలువల్లో, నిలవ నీళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమ మన ప్రాంతంలో ఈ రోగాన్ని మోస్తుంది. పురుగు పిల్లలు సాధారణంగా రాత్రివేళే రక్తంలో తిరుగుతాయి. అందుకే రక్తపరీక్ష చేసేవారు రాత్రిపూట తలుపు తడతారు. పైకి ఆరోగ్యంగా కనిపించే మనిషిలోనూ అవి ఉండవచ్చు. బోదకాలు ప్రబలిన జిల్లాల్లో 2004 నుంచి ఏటా డీఈసీ బిళ్లలు ఊరందరికీ పంచారు. నాకేం రోగముందని వాటిని బీరువాలో దాచిన ఇళ్లు లేకపోలేదు. పరీక్షల్లో నెగ్గిన జిల్లాల్లో ఆ పంపిణీ ఆగింది. పంపిణీ ఉన్నచోట ఆ బిళ్ల మింగడం, రక్తపరీక్షకు వచ్చినవారికి వేలు చాపడం పొరుగువాడి పట్ల ప్రేమే. రెండేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్ర రోగులకు మాత్రం అది ఇవ్వరు.

బాగా ముదిరిన వాపును ఏ బిళ్లా పూర్తిగా తగ్గించలేదు. అలాంటి కాలికి ఏం చేయాలి? రోజూ సబ్బుతో మెల్లగా కడిగి, వేళ్ల మధ్య తడి లేకుండా తుడిచి, కూర్చున్నప్పుడు ఎత్తుగా పెట్టుకోవాలి. సరైన చెప్పులు వేసుకోవాలి. ఇంత చిన్న సేవతోనే జ్వరంతో వచ్చే నొప్పులు చాలావరకు తగ్గుతాయి.

పాదాలు కడగడం! కడవరి భోజనం వేళ తువాలు నడుముకు కట్టుకుని శిష్యుల పాదాలు కడిగిన ప్రభువును ఎరిగిన మనకు ఇది కొత్త సంగతా? చీర కుచ్చెళ్ల కింద కాలు దాచుకుని, మందిరంలో చివరి వరుసలో కూర్చుని, ఆరాధన ముగియకముందే వెళ్లిపోయే తల్లి మన సంఘంలో ఉండవచ్చు. ఆమెకు పరిశోధకులు చేయగలిగింది చేశారు. ఇక మిగిలింది ఒక చెంబు నీళ్లు, ఒక సబ్బు, ఒక తువాలు, పక్కన కూర్చునే మనిషి. వాటి కోసం మనం ఇంకో యుద్ధం రావాలని ఎదురుచూడనక్కరలేదు కదా!