బడిపిల్లల వ్యాయామము – కర్షకుల బాధ్యత

ఎదుగుచున్న దూడను దినమంతయు గుంజకు కట్టివేసి పెంచు రైతు మన గ్రామములలో కానరాడు. దూడ కొంతసేపు బీడులో పరుగెత్తవలెననియు, గంతులు వేయవలెననియు, లేనిచో దాని కాళ్లకు బిగువు రాదనియు నాతడెరుగును. వయసు రాకమున్ను దాని మెడపై కాడి మోపడు. పశువుల పెంపకమున నింత యోచన గల గ్రామములందు బిడ్డల పెంపకమున నాపాటి యోచనయైన లేకుండుట చింతింపదగిన విషయము. ఉదయమున బడికి పోయిన బాలుడు సాయంకాలము వరకు కూర్చున్నచోటనే కూర్చుండును. ఇంటికి వచ్చిన పిమ్మట ట్యూషనులోనో, సెల్‌ఫోను ముందరనో మరల కూర్చుండును. బడిలోని ఆటలగంట యొక్కటియే యాతనికి మిగిలిన పరుగు. ఆ గంటను కాపాడుట ఉపాధ్యాయుల పని మాత్రమే కాదనియు, సహకార సంఘ సభ్యులమైన మన యందరి పనియనియు విన్నవించుటకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

పొలముపని చాలదా?

“మా పిల్లవాడు సెలవునాడు పొలమున పని చేయుచునే యున్నాడు. వానికి వేరుగ వ్యాయామమేల?” అని పలువురు అడుగుచుందురు. ప్రశ్న సహేతుకమే. కాని పనికిని వ్యాయామమునకును భేదము కలదు. నాట్లయందును, కలుపుతీతయందును నడుము గంటల తరబడి వంగియే యుండును. ప్రత్తి యేరుటలో మెడయు, భుజములును ఒకే తీరున కదలుచుండును. మోపు మోయుటలో భారమంతయు మెడపైనను, వెన్నుపైనను పడును. ఒక యవయవము మితిమీరి శ్రమపడును. తక్కినవి యూరక యుండును. వ్యాయామమున నట్లు కాదు. పరుగు, దూకుడు, వంగుట, ప్రాకుట, విసరుట మొదలగు చేష్టలచే సర్వావయవములును వంతులవారీగ పనిచేసి, వంతులవారీగ విశ్రమించును. గుండె వేగముగ కొట్టుకొనును. ఊపిరి నిండుగ ఆడును. అన్నిటికంటె ముఖ్యముగ దానియందు బిడ్డకు ఉల్లాసము కలుగును.

మరియు నేటి సేద్యము వెనుకటి సేద్యము కాదు. దుక్కికి ట్రాక్టరును, కోతకు యంత్రమును వచ్చినవి. నడచి పోదగిన బడికి సైతము ఆటోలో పోవుట పరిపాటియైనది. కావున రైతుబిడ్డ యగుటచేతనే దేహశ్రమ యలవడునని నమ్మియుండుటకు వీలులేదు.

దేహమునకు కలుగు లాభము

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన సూచనల ప్రకారము 5 మొదలు 17 ఏండ్ల వయసుగల బాలబాలికలు దినమునకు సగటున 60 నిమిషములైనను ఒడలు వెచ్చబడి, ఊపిరి వేగముగ ఆడునట్లు కదలవలెను. వారమునకు 3 దినములైనను కండరములకును, ఎముకలకును బలమిచ్చు వ్యాయామము చేయవలెను. 2016 నాటి లెక్కలనుబట్టి 11 మొదలు 17 ఏండ్లవారిలో లోకమంతటను నూటికి 81 మంది యీ మితము నందుకొనలేదని ఆ సంస్థ నిపుణులు 2019లో వెల్లడించిరి.

ఎముక తాను మోయు భారమునుబట్టియు, తనకు తగులు అదురునుబట్టియు గట్టిపడును. దూకునపుడును, పరుగెత్తునపుడును నేల తాకిడి యెముకకు తగులును; ఆ తాకిడికి తట్టుకొనునట్లు అది సున్నపు పదార్థమును కూడబెట్టుకొనును. మనుష్యుని యెముకలలో చేరదగిన బలములో అధికభాగము ఇరువది యేండ్లలోపలనే చేరును. నడివయసు దాటిన పిమ్మట జరుగునది వ్యయమే కాని జమ కాదు. చిన్ననాట నిలువ చేసినదే ముదిమియందు ఆదుకొనును. సంఘములో పొదుపు చేయు సభ్యులకు ఈ లెక్కను వివరింప నక్కరలేదు.

కన్నుల సంగతి యింకను విశేషమైనది. చైనాదేశమందలి గ్వాంగ్‌జౌ నగరమున 12 ప్రాథమిక పాఠశాలలలో ఒకటవ తరగతి పిల్లల విషయమున నొక పరిశోధన జరిగినది. 6 బడులలో దినమునకు 40 నిమిషముల ఆరుబయటి కార్యక్రమమును అదనముగ చేర్చిరి. తక్కిన 6 బడులలో మార్పు చేయలేదు. 3 ఏండ్ల పిమ్మట చూడగా, మార్పు లేని బడులలో నూటికి 39.5 మందికి హ్రస్వదృష్టి, అనగా దూరపు వస్తువులు మసకగ కనబడు దోషము, కలిగియుండెను. ఆరుబయట అదనముగ గడిపిన వారిలో నూటికి 30.4 మందికే కలిగెను. ఈ ఫలితములు 2015లో ప్రకటింపబడినవి. నల్లబల్లపై అక్షరములు కానరాక వెనుకబడు బిడ్డను మందబుద్ధియని దండించుటకంటె, ముందుగనే పగటివెలుగులో ఆడనిచ్చుట మేలు కాదా?

బడి, చట్టము, ఆటస్థలము

మన దేశమున ఈ విద్యకు మంచి పూర్వచరిత్ర కలదు. వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తి నాయుడు గారిని మహామల్లుడుగా నెల్లరు నెరుగుదురు. వారు మదరాసు సైదాపేటలో శిక్షణము నొంది, విజయనగరమున బడిపిల్లలకు వ్యాయామము నేర్పిన ఉపాధ్యాయులని యెరిగినవారు కొందరే. 1920లో హారీ క్రో బక్ అను అమెరికా దేశీయుడు మదరాసున వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాలను స్థాపించెను. వ్యాయామము నేర్పుట యొక విద్యయనియు, దానికి తగిన ఉపాధ్యాయుడు వలయుననియు నంతట స్థిరపడినది.

2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రతి పాఠశాలకును ఆటస్థలముండవలెననియు, తరగతులకు వలసిన ఆటవస్తువుల నొసగవలెననియు, 6 మొదలు 8 తరగతులలో 100 మందికి మించి విద్యార్థులున్నచోట వ్యాయామవిద్యకు అల్పకాలిక శిక్షకుడుండవలెననియు విధించినది.

చట్టము గ్రంథములో నున్నది. మైదానము మన ఊరిలో నున్నది. పరీక్షలు సమీపించినచో ఆటలగంట గణితమునకు పోవును. మైదానము కోతలకాలమున కళ్లముగ మారును. ధాన్యమో, మొక్కజొన్నయో, మిరపయో ఎండబోసి, చుట్టును రాళ్లు పేర్చి, వారముల తరబడి పిల్లలను అడుగు పెట్టనీయనివారు కలరు. ట్రాక్టరు చక్రముల గాళ్లు వానకు నాని, ఎండకు గట్టిపడి, పరుగెత్తు బిడ్డ మడమను మెలివేయును. తడిసిన ధాన్యమునకు ధర పలుకదను రైతు భయమును మేమెరుగనివారము కాము. కాని కొలదిమంది గింజలెండుటకై ఊరి బిడ్డలందరి ఆట నిలిచిపోవుట న్యాయము కాదు.

బలహీనులును, బాలికలును

ఆటలు పతకములు తెచ్చు బలవంతులకే యను భావము తొలగవలెను. బలహీనునకే వ్యాయామ మధికముగ నవసరము. వరంగల్లు ప్రాంతమందలి కల్లెడ గ్రామమున కూలిపని చేసికొను దంపతులకు జన్మించిన జీవాంజి దీప్తి పుట్టుకతోనే బుద్ధి యెదుగుదల విషయమున లోపము గలది. తోటివారి పరిహాసములకు గురియైనది. ఆమె పరుగులోని వడిని మొదట గుర్తించినది బడి వ్యాయామోపాధ్యాయుడే. ఆమె 2024లో పారిస్ పారాలింపిక్ క్రీడలలో 400 మీటర్ల పరుగున కాంస్యపతకము నొందెను. శ్రీకాకుళము జిల్లా ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో మొత్తము 240 కిలోల బరువు లెత్తి, ఒలింపిక్ పతకము గెలిచిన తొలి భారతీయ మహిళయైనది. ఈడు వచ్చినదని బాలికను ఆటకు దూరము చేయు తల్లిదండ్రులు ఈ రెండు పల్లెలను తలచుకొందురుగాక.

2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశమున 15–19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. కావున ఆటలో త్వరగ ఆయాసపడు బిడ్డను సోమరియని నిందింపక, ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున రక్తపరీక్ష చేయింపవలెను. ఏటేట ఫిబ్రవరి, ఆగస్టు మాసములలో బడులలో పంచు నులిపురుగుల మాత్రను తప్పక మ్రింగింపవలెను. పరగడుపున పరుగు పెట్టింపరాదు. ఎండకాలమున ప్రొద్దుననే ఆటలు ముగించి, త్రాగునీరు దగ్గర నుంచవలెను.

సంఘము చేయదగిన పని

ఇందులకు పెద్ద ధనము వలదు. చెడుగుడు, ఖోఖో, గూటీబిళ్ల, త్రొక్కుడుబిళ్ల మొదలగు మన ఆటలకు గీత గీసిన నేలయు, కొంచెము కర్రయు, పెంకును చాలును. మనము పల్లె ఆటగ నెంచు చెడుగుడే కబడ్డి పేర 1990లో బీజింగున జరిగిన ఆసియా క్రీడలలో పతకపు పోటీలలో చేరినది.

సంఘములు చేయదగినవి మూడు పనులు కలవు. మొదటిది, ధాన్య మారబోయుటకు గిడ్డంగి ఆవరణలోనో, మరియొక చోటనో కళ్లము నేర్పరచి, టార్పాలిన్ పట్టలను సభ్యులకు అద్దెకిచ్చుట. దీనిచే రైతునకు నష్టము లేకుండ మైదానము బిడ్డలకు దక్కును. రెండవది, పాఠశాల యాజమాన్య సంఘపు సమావేశములకు పోయి, ఆటలగంట ఆటకే జరుగుచున్నదా యని విచారించుట. ఆ సంఘమున మూడువంతులు తల్లిదండ్రులే యుండవలెనని చట్టము చెప్పుచున్నది. అడుగుటకు మనకు హక్కు కలదు. మూడవది, సేద్యపు పనులు ముగిసిన వేసవిలో ఒకటి రెండు దినములు సభ్యులందరు కలిసి మైదానపు గాళ్లు పూడ్చి, ముండ్లు తీసి, దూకుటకు ఇసుకగుంట త్రవ్వి, గట్టున నీడచెట్లు నాటుట.

రాబోవు సర్వసభ్య సమావేశమున ఎరువుల విషయమును, అప్పుల విషయమును చర్చించిన పిమ్మట ఈ విషయమునకు అరగంట కేటాయింపుడని మా మనవి. తీర్మానము కోతలకు ముందే జరుగవలెను. ధాన్యము మైదానమునకు చేరిన పిమ్మట ఎవరిని లెమ్మనుటయు కష్టమే.