రెండు చీటీలు, రెండు ధరలు

పదో తరగతిలో జంట సమీకరణాలు చెప్పేటప్పుడు, ఇవి ఎందుకు పనికొస్తాయని నవ్వుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. నిరుడు ఎండాకాలంలో ఆ నవ్వు పోయింది.

మాది పెనుకొండ దగ్గర పల్లె. నాయన, చిన్నాయన ఒకే టెంపోలో శెనక్కాయలు, చింతపండు హిందూపురం తీసుకుపోయి ఒకే వ్యాపారికి అమ్మినారు. చింతపండు మూటకు 3,300 రూపాయలని నోటిమాట. చీటీలో మాత్రం విడి ధరలు లేవు, మొత్తమే ఉంది. నాయనకు 5 మూటల శెనక్కాయలు, 2 మూటల చింతపండుకు 16,000. చిన్నాయనకు 3 మూటల శెనక్కాయలు, 4 మూటల చింతపండుకు 18,000.

"డిగ్రీ చదువుతాండావు గదప్పా, దేనికెంత కట్టినాడో చెప్పు" అన్నాడు నాయన.

ఒక్క చీటీతో చెప్పలేం. ఒకదాని ధర పెంచి, రెండోదాని ధర తగ్గించినా అదే మొత్తం వస్తుంది. తెలియనివి రెండైతే సంగతులూ రెండు కావాలి. శెనక్కాయల మూట ధర 'శ', చింతపండు మూట ధర 'చ' అనుకుందాం.

5శ + 2చ = 16,000
3శ + 4చ = 18,000

మొదటిదాన్ని రెట్టింపు చేస్తే 10శ + 4చ = 32,000. ఇందులోంచి రెండోది తీసేస్తే చింతపండు ఎగిరిపోయి 7శ = 14,000 మిగులుతుంది. అంటే శ = 2,000, చ = 3,000. ఇద్దరికీ ఒకే ధర కట్టి ఉంటే, చింతపండు మూటకు 300 తగ్గించినాడన్నమాట!

ఇక్కడొక మెలిక ఉంది. చిన్నాయన సరిగ్గా 10, 4 మూటలు అమ్మి 32,000 తెచ్చి ఉంటే ఆ చీటీ ఎందుకూ పనికిరాదు. అది మొదటి మాటనే మళ్ళీ చెప్పడం.

ఈ విద్య మనకు కొత్తది కాదు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు 'గణితసారసంగ్రహం'లో ఇటువంటి లెక్కే ఇచ్చాడు. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తరువాత తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆ లెక్క ఇది: 9 మాదీఫలాలు, 7 వెలగపండ్ల వెల 107. 7 మాదీఫలాలు, 9 వెలగపండ్ల వెల 101. రెండూ కలిపితే 16 జతలకు 208, జత 13. తీసివేస్తే రెండు తేడాలకు 6, తేడా 3. కనుక మాదీఫలం 8, వెలగపండు 5. ధర్మవరం మిత్రులు రెండు చీరల ఖర్చులోంచి పట్టు ధర, జరీ ధర ఇట్లే విడదీసి చూడవచ్చు.

చిన్నాయన పోయి అడిగితే సరుకులో తేమ ఉందన్నాడంట వ్యాపారి. డబ్బు రాలేదు. కానీ ఇప్పుడు నాయన, ఒక్కో సరుకు ధర విడిగా రాయించుకోనిదే టెంపోలోంచి మూట దించనీయడు.