నాన్నా పులి.. కాదు, నాన్నా వైరస్! ఫ్రీ మ్యూజిక్ ప్లగిన్ల మీద యాంటీవైరస్ గోల ఎందుకు? ఏ వార్నింగ్ నమ్మాలి?

మా పిన్ని కొడుకు ఉండేది పలాస స్టేషన్‌కి దగ్గర్లో, కాశీబుగ్గలో. వాడి ‘స్టూడియో’ అంటే ఒక సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్, ఒక యూఎస్‌బీ మైక్, గంట పెట్టుకుంటే చెవులు నొప్పెట్టే హెడ్‌ఫోన్. కిందటేడాది సంక్రాంతికి ఉద్దానంలో మా అమ్మమ్మ ఊరికి వెళ్లి, ఆవిడ చేత పదకొండు పాటలు పాడించి ఫోన్‌లో రికార్డ్ చేసుకొచ్చాడు. నాట్లప్పుడు పాడుకునేవి కొన్ని, పెళ్లిళ్లలో పాడేవి కొన్ని. వాటికింద తప్పెటగుళ్ల దరువు కలిపి యూట్యూబ్‌లో పెట్టాలని ప్లాన్. చేతిలో డబ్బుల్లేవు కాబట్టి సాఫ్ట్‌వేర్ అంతా ఫ్రీదే.

ఓ రాత్రి వాడి నుంచి ఫోన్. “అన్నా, ఫ్రీ రివర్బ్ ప్లగిన్ దింపితే ఇదేటి ట్రోజన్ అంటంది? తీసీమంటావా?”

గ్యాడ్జెట్ల గురించి రాసేవాణ్ని కదా, క్షణం ఆలోచించకుండా సలహా పడేశాను. “మ్యూజిక్ ప్లగిన్లకి అది మామూలేరా. యాంటీవైరస్ ఆపీసి ఇన్‌స్టాల్ చేసీ.”

ఆ ప్లగిన్ విషయంలో నేను చెప్పింది నిజమే. కానీ సలహా మాత్రం తప్పు. ఎంత తప్పో మూడు వారాల తర్వాత తెలిసింది. ముందు అసలు ఈ గోల ఎందుకొస్తుందో చూద్దాం.

ప్లగిన్లే ఎందుకు దొరికిపోతాయి?

యాంటీవైరస్ రెండు రకాలుగా పనిచేస్తుంది. మొదటిది, తెలిసిన వైరస్‌ల సంతకాలతో ఫైల్‌ని పోల్చి చూడటం. ఇక్కడ పొరపాట్లు తక్కువ. రెండోది అంచనా. ఫైల్ ఎలా కట్టారు, ఏం చేయబోతోంది, ఇంతకుముందు ఎంతమంది వాడారు అని చూసి ‘అనుమానాస్పదం’ అని తేల్చడం. ఫ్రీ ప్లగిన్లు ఎక్కువగా ఇక్కడే ఇరుక్కుంటాయి.

కారణాలు మూడు. ఒకటి, డిజిటల్ సంతకం లేకపోవడం. చాలా ఫ్రీ ప్లగిన్లు ఎవరో ఒక్కరు ఉద్యోగం అయ్యాక ఇంట్లో కూర్చుని చేసినవి. కోడ్ సైనింగ్ సర్టిఫికెట్‌కి ఏటా డాలర్లలో ఖర్చవుతుంది. 2023 జూన్ నుంచి దాని కీని హార్డ్‌వేర్ టోకెన్ లాంటి భద్రమైన పరికరంలోనే పెట్టాలనే రూల్ కూడా వచ్చింది. ఊరికే పంచే సాఫ్ట్‌వేర్‌కి ఎవరు పెడతారు ఆ డబ్బు? అందుకే విండోస్ ‘అన్‌నోన్ పబ్లిషర్’ అంటుంది.

రెండు, వాడేవాళ్లు తక్కువ. విండోస్‌లోని స్మార్ట్‌స్క్రీన్ ఫైల్‌కి ఉన్న పరపతిని చూస్తుంది. కోట్ల మంది దింపిన క్రోమ్‌కి పరపతి ఉంటుంది. నిన్న రిలీజైన రివర్బ్‌కి ఎక్కణ్నుంచి వస్తుంది? ఆ నీలం రంగు హెచ్చరికకి ‘ఇందులో వైరస్ ఉంది’ అని అర్థం కాదు. ‘ఈయన ఎవరో నాకు తెలీదు’ అని మాత్రమే.

మూడు, ఫైల్ కట్టిన తీరు. సైజు తగ్గించడానికి ప్యాకర్లు వాడతారు. కోడ్ కాపీ కాకుండా లోపల గజిబిజి చేస్తారు. వైరస్‌లు రాసేవాళ్లు కూడా సరిగ్గా అవే పనులు చేస్తారు. ముసుగేసుకున్న ప్రతివాడూ దొంగ కాడు. కానీ కాపలావాడికి ముసుగే కనబడుతుంది.

పెద్దవాళ్లకీ తప్పలేదు

ఇది చిన్న డెవలపర్ల బాధే అనుకోకండి. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ ఇచ్చిన ఒక అప్‌డేట్, విండోస్ ఎక్స్‌పీకి ప్రాణంలాంటి ‘ఎస్‌వీసీహోస్ట్’ ఫైల్‌నే వైరస్ అనుకుంది. ప్రపంచమంతా కంప్యూటర్లు మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతూ కూర్చున్నాయి. 2022 సెప్టెంబర్‌లో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ కూడా క్రోమ్ లాంటి బ్రౌజర్లు, ఎలక్ట్రాన్‌తో చేసిన యాప్‌లు తెరిచినప్పుడల్లా ముప్పు అని అరిచింది. తర్వాత సరిదిద్దుకున్నారు. అంటే యాంటీవైరస్ పొరబడుతుంది, అది నిజం. అలాగని ఎప్పుడూ పొరబడుతుందనుకోవడమే మనం చేసే తప్పు.

పులి నిజంగా వచ్చినప్పుడు

మా తమ్ముడు ఆ రాత్రి ఆపేసిన యాంటీవైరస్‌ని మళ్లీ ఆన్ చేయలేదు. ‘ఎలాగూ తప్పుడు వార్నింగ్‌లే కదా’ అనుకున్నాడు. అలా అనుకోమన్నది నేనే. తర్వాత టెలిగ్రామ్‌లో ఎవరో వేల రూపాయల సింథ్ ‘ఫుల్ వెర్షన్’ ఉచితంగా పెట్టారు. జిప్‌కి పాస్‌వర్డ్ ఉంది. లోపల ‘ఇన్‌స్టాల్ చేసేముందు యాంటీవైరస్ ఆపండి, అది ఫాల్స్ అలారం’ అని ఒక నోట్. వాడికి అది కొత్త మాటేం కాదు, అన్న చెప్పిన మాటే.

సింథ్ బాగానే పనిచేసింది. నాలుగు రోజులకి మళ్లీ ఫోన్. “అన్నా, ల్యాప్‌టాప్ కుంపటైపోతంది. ఏటీ తెరవకపోయినా ఫ్యాను ఆగట్లేదు.”

ఇలాంటివి ప్రపంచానికి కొత్త కాదు. 2019 జూన్‌లో ఈసెట్ సంస్థ ‘లౌడ్‌మైనర్’ అనే మాల్వేర్ వివరాలు బయటపెట్టింది. ఏబుల్‌టన్ లైవ్, సైలెంత్1, నెక్సస్, ఆటోట్యూన్ లాంటి పేర్లతో క్రాక్ చేసిన మ్యూజిక్ సాఫ్ట్‌వేర్లు పంచే ఒకే ఒక్క సైట్‌లో 137 యాప్‌లు కనిపించాయి. వాటిలో విండోస్‌వి 42, మ్యాక్‌వి 95. యాప్‌తో పాటు లోపల ఒక చిన్న వర్చువల్ మెషీన్ దిగి, వెనక కూర్చుని మొనెరో అనే క్రిప్టోకరెన్సీ మైనింగ్ చేస్తుంది.

మ్యూజిక్ వాళ్లనే ఎందుకు ఎంచుకున్నారు? ఈసెట్ చెప్పిన లాజిక్ భలే ఉంటుంది. మ్యూజిక్ చేసేవాళ్ల దగ్గర మంచి ప్రాసెసర్లుంటాయి. మిక్సింగ్ చేసేటప్పుడు సీపీయూ ఎలాగూ మండుతుంది కాబట్టి అనుమానం రాదు. ప్లగిన్ ఫైళ్లు మామూలుగానే పెద్దవి కాబట్టి, వర్చువల్ మెషీన్ బరువు అందులో కలిసిపోతుంది.

మా తమ్ముడి ల్యాప్‌టాప్‌లో దిగింది ఏదో మాకు తెలిసేలోపే, వాడు దాన్ని షాపుకి పట్టుకెళ్లాడు. ఫార్మాట్ కొట్టించాడు. బ్యాకప్ లేదు. ఫోన్‌లో స్పేస్ చాలక ఒరిజినల్స్ ఎప్పుడో డిలీట్ చేసేశాడు. పదకొండు పాటల్లో మిగిలినవి నాలుగు. అవి కూడా నాకు వాట్సాప్‌లో పంపాడు కాబట్టి.

జిప్ మాత్రం టెలిగ్రామ్‌లో ఇంకా ఉంది. తర్వాత దాన్నీ, ఆ పాత రివర్బ్ ఫైల్‌నీ వైరస్‌టోటల్‌లో వేసి చూశాను. రివర్బ్‌కి డెబ్బైకి రెండు ఇంజిన్లు మాత్రమే ఎర్రజెండా ఊపాయి, అదీ ‘జెనరిక్’ అని. జిప్ విప్పి లోపలి ఇన్‌స్టాలర్ వేస్తే సగానికి పైగా ఊపాయి. వాడి స్క్రీన్ మీదైతే రెండూ ఒకేలాంటి ఎర్ర డబ్బాలే. తేడా తెలియడానికి నాకు పట్టింది ఐదు నిమిషాలు.

ఆ ఐదు నిమిషాలు ఇలా వాడండి

1. ఎక్కణ్నుంచి దింపారు? ఫ్రీ ప్లగిన్ అయితే డెవలపర్ సొంత సైట్‌లోనో, గిట్‌హబ్ పేజీలోనో ఉంటుంది. సర్జ్ ఎక్స్‌టీ, డెక్స్‌డ్ ఓపెన్ సోర్స్. వైటల్‌కి ఫ్రీ వెర్షన్ ఉంది. వల్హల్లా సూపర్‌మాసివ్ పూర్తిగా ఫ్రీ. వీటిని టెలిగ్రామ్‌లో వెతకాల్సిన పనే లేదు.

2. వార్నింగ్ పేరు చదవండి. ‘జెనరిక్’, ‘హ్యూరిస్టిక్’ లాంటి మాటలుంటే, లేదా డిఫెండర్‌లో పేరు చివర ‘!ఎంఎల్’ అని ఉంటే అది అంచనా. తప్పయ్యే అవకాశం ఉంది. ఒక వైరస్ కుటుంబం పేరు స్పష్టంగా ఉంటే ఆగండి.

3. వైరస్‌టోటల్‌లో వేయండి. 2004లో స్పెయిన్‌లో మొదలై, 2012లో గూగుల్ చేతికి వచ్చిన ఈ ఉచిత సర్వీస్ డెబ్బై దాకా ఇంజిన్లతో చెక్ చేస్తుంది. ఒకటి రెండు అనామక ఇంజిన్లు అరిస్తే ఒక లెక్క, పేరున్నవి పది ఒకే మాట చెబితే ఇంకో లెక్క. అప్‌లోడ్ చేసిన ఫైళ్లు సెక్యూరిటీ సంస్థలకి చేరతాయి కాబట్టి మీ పర్సనల్ ఫైళ్లు, రిలీజ్ కాని పాటలు అందులో వేయొద్దు.

4. హ్యాష్ పోల్చండి. డెవలపర్ సైట్‌లో ఎస్‌హెచ్ఏ-256 నంబర్ ఇచ్చి ఉంటే, విండోస్ పవర్‌షెల్‌లో ‘గెట్-ఫైల్‌హ్యాష్’ కమాండ్‌తో మీ ఫైల్ నంబర్ తీసి చూడండి. ఒక్క అక్షరం తేడా వచ్చినా అది వాళ్ల ఫైల్ కాదు.

5. రెండ్రోజులు ఆగండి. కొత్త మాల్వేర్ కూడా మొదటిరోజు వైరస్‌టోటల్‌లో శుభ్రంగా కనిపించొచ్చు. రెండ్రోజుల తర్వాత మళ్లీ స్కాన్ చేస్తే, తప్పుడు అలారాలు తగ్గుతాయి, నిజమైనవి పెరుగుతాయి. రివర్బ్ ఎక్కడికీ పారిపోదు.

అంతా చూశాక ఫాల్స్ అలారమే అని తేలితే?

యాంటీవైరస్ మొత్తం ఆపొద్దు. విండోస్ సెక్యూరిటీలో ‘ప్రొటెక్షన్ హిస్టరీ’కి వెళ్లి ఆ ఒక్క ఫైల్‌ని మాత్రమే రిస్టోర్ చేయండి. ఎక్స్‌క్లూజన్ పెట్టాల్సి వచ్చినా ఆ ఒక్క ప్లగిన్‌కే. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌కో, సీ డ్రైవ్ మొత్తానికో పెట్టడమంటే వీధి తలుపు తీసి పడుకోవడమే. ఆ ఫైల్‌ని మైక్రోసాఫ్ట్‌కో, మీ యాంటీవైరస్ కంపెనీకో ‘ఫాల్స్ పాజిటివ్’ అని పంపండి. డెవలపర్‌కి కూడా ఒక మెయిల్ కొట్టండి. ఊరికే ఇచ్చేవాడికి మనం చేయగలిగిన సాయం అది.

ఇక ఒక్క రూల్ మాత్రం రాసి పెట్టుకోండి. పాస్‌వర్డ్ పెట్టిన జిప్, దాంతో పాటు ‘యాంటీవైరస్ ఆపండి’ అనే నోట్. ఈ రెండూ కలిసి కనబడితే చెక్ చేయడం కూడా అనవసరం. ఆ పాస్‌వర్డ్ పెట్టేదే లోపల స్కాన్ కాకుండా ఉండటానికి.

తుఫాను కబురు లాంటిదే

ఉద్దానం వాళ్లకి ఈ పాఠం కొత్తగా చెప్పక్కర్లేదు. జీడితోటలో ఎలుగు తిరుగుతోందని ఎవరైనా కేకేస్తే, కిందటిసారి వట్టిదే అయినా ఈసారి కూడా కర్ర పట్టుకునే వెళ్తారు. ‘తుఫాను ఇటే వస్తుంది’ అన్నవి ఎన్నో పక్కకి పోయాయి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ మాత్రం పోలేదు. పలాస దగ్గరే తీరం దాటి, కొబ్బరి చెట్లని, జీడితోటల్ని పడగొట్టేసింది. పది కబుర్లు వట్టివైనా, పదకొండోది వచ్చినప్పుడు రేడియో ఆన్‌లో ఉండాలి. యాంటీవైరస్ కూడా అంతే.

ఈ సంక్రాంతికి నేనూ వాడూ కలిసి మళ్లీ అమ్మమ్మ దగ్గరికి వెళ్లాం. పోయిన ఏడు పాటల్లో ఐదు పాడింది. మిగతా రెండింటి మొదటి ముక్క అందుకుని, “తర్వాతేటో జ్ఞాపకం రాట్లేదురా” అని ఆపేసింది. ఐదు పాటలూ ఆ రోజే మూడు చోట్ల కాపీ చేశాం. మీ ల్యాప్‌టాప్‌లో అలాంటివి ఏమైనా ఉంటే, కొత్త ప్లగిన్ దింపేముందు వాటికి ఒక కాపీ తీసి పక్కన పెట్టండి.