ఎత్తడమే కాదన్నా.. దించడమూ లెక్కే!

డెడ్‌లిఫ్ట్‌లో పతకం చేజారేది చాలాసార్లు ఆఖరి రెండడుగుల్లోనే

బొమ్మసంద్ర: సాయంత్రం షిఫ్టు వదిలే వేళ. హోసూరు రోడ్డు మీద కంపెనీ బస్సులు, ఆటోలు, మెట్రో దిగి నడిచొచ్చే జనం. చిత్తూరు, అనంతపురం వైపు నుంచి వచ్చి పారిశ్రామికవాడలో పని చేసుకుంటున్న కుర్రాళ్లు టీ తాగేసి, భుజాన సంచి తగిలించుకుని మెట్లెక్కుతారు. పైన జిమ్. కాసేపటికి కింద అంగడిలో గాజు సీసాలు గలగలమంటాయి. కొట్టాయన తలెత్తి పైకప్పు వంక చూస్తాడు. ఎవడో డెడ్‌లిఫ్ట్ చేసి బార్ వదిలేశాడన్నమాట!

ఆ వదిలేయడమే అసలు జబ్బు. ఇంటి యజమానితో తగవు సరే, సర్దుకోవచ్చు. పోటీకి వెళ్లాక అదే అలవాటు నెలల కష్టాన్ని ఒక్క క్షణంలో నీళ్లపాలు చేస్తుంది. నేల మీది బరువును నడుం ఎత్తుకు లేపి నిటారుగా నిలబడితే డెడ్‌లిఫ్ట్ అయిపోయిందనుకుంటారు చాలామంది. కాలేదు. రిఫరీ చెప్పేదాకా పట్టుకోవాలి. చెప్పాక రెండు చేతులూ వదలకుండా నేలకు చేర్చాలి. అప్పుడే అయినట్టు.

టీవీలో చూసింది వేరు

మనవాళ్లకు బరువులెత్తడం అనగానే గుర్తొచ్చేది కరణం మల్లీశ్వరి. 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130.. మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం నెగ్గిన తొలి భారతీయ మహిళ ఈ శ్రీకాకుళం ఆడపడుచే. ఆ ఆటను టీవీలో చూసినవాళ్లకు ఓ దృశ్యం మనసులో ముద్రపడిపోయింది. బరువు తల మీదికి వెళ్తుంది, అధికారి సంకేతం వస్తుంది, లిఫ్టర్ చేతులు తీసేస్తుంది, బార్ ధబ్బున పడి ఎగురుతుంది. బాగానే ఉంది. కానీ అది వెయిట్‌లిఫ్టింగ్. అక్కడ వాడేవి రబ్బరు తొడిగిన ప్లేట్లు. సంకేతం తర్వాత బార్ భుజాల కిందికి దిగేదాకా చేతులుంచితే చాలు, ఆపైన వదిలేయొచ్చు.

డెడ్‌లిఫ్ట్ ఉండేది పవర్‌లిఫ్టింగ్‌లో. స్క్వాట్, బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్.. ఈ వరుసలో మూడు అంశాలు, ఒక్కోదానికి మూడు అవకాశాలు. ఇది ఒలింపిక్స్‌లో లేదు. పారాలింపిక్స్‌లో ఉన్నా అక్కడ బెంచ్ ప్రెస్ ఒక్కటే. అంతర్జాతీయ సమాఖ్య (ఐపీఎఫ్) 1972లో ఏర్పడింది. మన మంగళగిరి లిఫ్టర్లు ఆసియా పోటీల దాకా వెళ్లొచ్చింది ఈ ఆటలోనే. పేర్లు దగ్గరగా ఉండేసరికి రెండూ ఒకటే అనుకుని, టీవీలో చూసినట్టు వదిలేస్తుంటారు కుర్రాళ్లు. ఇక్కడివి ఇనుప ప్లేట్లు. నియమాలూ వేరే.

మన ఊళ్ల అలవాటూ కొంత కారణమే కావచ్చు. ఉత్తరాంధ్ర జాతరల్లో సంగిడి రాయి ఎత్తినా, ఇటు కన్నడ పల్లెల్లో గుండుకల్లు లేపినా, లేచిందా లేదా అన్నదే లెక్క. లేచాక రాయి ఎక్కడ పడితే ఎవరిక్కావాలి? పక్కనున్నవాళ్లు కాళ్లు కాచుకుంటే చాలు.

రూలు ఏమంటోంది?

వేదిక చుట్టూ ముగ్గురు రిఫరీలు. ఎదురుగా కూర్చునేవారు ప్రధాన రిఫరీ. లిఫ్టర్ మోకాళ్లు బిగించి, భుజాలు వెనక్కి పెట్టి, కదలకుండా నిలబడ్డాక ఆయన చెయ్యి కిందికి ఊపుతూ ‘డౌన్’ అంటారు. ఆ మాట కన్నా ముందు బార్ దిగిందో.. లిఫ్ట్ పోయినట్టే. మాట వచ్చాక అరచేతుల్లోంచి బార్‌ను వదిలేసినా పోయినట్టే. ముగ్గురిలో కనీసం ఇద్దరు తెల్లలైటు వేస్తేనే ఆ బరువు ఖాతాలో పడుతుంది.

చప్పుడైతే తప్పా అని అడుగుతుంటారు కొత్తవాళ్లు. కాదు. రెండు వందల కిలోల ఇనుము నేలకు తగిలితే మోగకుండా ఉంటుందా? చేతులు బార్ మీదే ఉండి, అది అదుపులో దిగిందా అన్నదే రిఫరీ చూసేది. పూలబుట్ట దించినట్టు దించమని ఎవరూ అడగరు.

ఈ చిన్న తప్పు ఖరీదెంతో లెక్క వేసి చూడండి. ఒక కుర్రాడు రెండో అవకాశంలో 185 కిలోలు సరిగ్గా ఎత్తాడు. మూడోసారి 200 పెట్టించాడు. 20 కిలోల బార్, రెండున్నర కిలోల చొప్పున రెండు కాలర్లు, ఒక్కో పక్క 25 కిలోల ఎర్ర ప్లేట్లు మూడు, ఓ 10, ఓ రెండున్నర. లేచింది. నిలబడ్డాడు. జనం ఈలలేశారు. ఆ ఈలకే పొంగిపోయి ‘డౌన్’ వినకముందే వదిలేశాడు. మూడు ఎర్రలైట్లు! బలం సరిపోయింది, బరువు లేచింది. ఖాతాలో మాత్రం 185 మాత్రమే. పోటీలో చివరి అంశం డెడ్‌లిఫ్టే కాబట్టి ఆ 15 కిలోలు తిరిగి సంపాదించుకునే చోటు కూడా లేదు. ఇక మూడు అవకాశాల్లోనూ ఇదే పొరపాటు చేస్తే స్క్వాట్, బెంచ్‌లలో ఎత్తినవి కూడా మొత్తం లెక్కకు రావు. పొద్దుట్నుంచీ పడ్డ పాటు వృథా.

దించేదెలా?

ఎత్తిన దారినే వెనక్కి రావాలి. చెప్పినంత తేలిక కాదు గానీ, కిటుకు ఇంతే. పైన నిలబడ్డప్పుడు మొదట కదలాల్సింది మోకాళ్లు కాదు, తుంటి. వెనకాల తలుపును పిరుదులతో మూస్తున్నట్టు తుంటిని వెనక్కి నెట్టాలి. వీపు నిటారుగానే ఉండాలి, ఛాతీ ముడుచుకోకూడదు. బార్ తొడలను రాసుకుంటూ జారాలి. మోకాళ్లు దాటాకే వాటిని వంచాలి. అక్కణ్నుంచి నేల దాకా జానెడు చిల్లరే.

చాలామంది దీన్ని తిరగేస్తారు. ముందే మోకాళ్లు వంచేస్తారు. అవి ముందుకు పొడుచుకొచ్చి బార్‌కు అడ్డం పడతాయి. దాన్ని తప్పించబోయి బార్‌ను ఒంటికి దూరంగా తోస్తారు. అంత బరువు కాస్త ముందుకెళ్లిందంటే చాలు, ఆ భారమంతా నడుం మీద పడుతుంది. ఎత్తేటప్పుడు శ్రద్ధగా ఉన్న నడుం దించేటప్పుడు ఆదమరచి ఉంటుంది, అదీ ప్రమాదం. పారిశ్రామికవాడలో పని చేసేవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పెట్టె ఎత్తేటప్పుడు అందరూ జాగ్రత్తే. దాన్ని పక్కకు తిరిగి దించబోతేనే ‘చుర్రు’మంటుంది.

ఒక చెయ్యి ముందు, ఒక చెయ్యి తర్వాత వదలడం ఇంకో పొరపాటు. ఒక అరచెయ్యి లోపలికి, ఒకటి బయటికి పెట్టి పట్టుకునేవాళ్లలో ఇది ఎక్కువ. ఒక వైపు వదలగానే బార్ గిర్రున తిరుగుతుంది, ఒళ్లు మెలిక పడుతుంది. రెండు చేతులూ కలిసి ఎత్తాయి, రెండూ కలిసే దించాలి. స్ట్రాప్స్ కట్టుకుని సాధన చేసేవాళ్లూ ఓసారి ఆలోచించుకోవాలి. పోటీలో అవి కట్టనివ్వరు. రోజూ పట్టీలే బరువు మోస్తే, ‘డౌన్’ అనేదాకా, ఆ తర్వాత నేల దాకా పట్టుకోవడం వేళ్లకు ఎవరు నేర్పుతారు?

మరీ మెల్లగానూ వద్దు

మేడ మీద జిమ్ముల్లో ఇంకో తంటా ఉంది. చప్పుడైతే యజమాని ఊరుకోడు, టైల్స్ పగులుతాయి. అందుకని కొందరు ప్రతి బరువునూ ఐదారు సెకన్లు ఆపి ఆపి దించుతారు. క్రమశిక్షణలా కనిపిస్తుంది గానీ పోటీకి సిద్ధమయ్యేవాళ్లకు ఇదీ చేటే. కండ ముడుచుకుంటూ ఎత్తగలిగే దానికన్నా సాగుతూ ఎక్కువ బరువును ఆపగలదు. కాబట్టి దించేటప్పుడు శ్రమ తెలియదు. తెలిసేది మర్నాడు, ఎల్లుండి! అలవాటు లేని కండ సాగుతూ బరువు మోస్తే ఒకటి నుంచి మూడు రోజుల దాకా నొప్పి ఉంటుంది. ఎనిమిది గంటలు మెషీన్ దగ్గర నిలబడాల్సినవాడికి ఆ నడుంనొప్పితో షిఫ్టు గడిచేదెలా? వారంలో తర్వాతి సాధన కూడా దెబ్బతింటుంది.

అర మీటరు ఎత్తు నుంచి వదిలేసిన బార్ సెకనులో మూడో వంతులో నేలను తాకుతుంది. చేతుల్లో ఉంచుకుని, బిగువు సడలకుండా దించితే సెకను, సెకనున్నర పడుతుంది. పోటీకి సరిపోయే వేగం అదే. నేలకు తగిలించి ఆ ఊపుతోనే మళ్లీ లేపడం కూడా మానుకోవాలి. పోటీలో బార్ కదలకుండా పడి ఉంటుంది, ఎగిరొచ్చి సాయం చేయదు. ఐదుసార్లు ఎత్తే రోజైనా ప్రతిసారీ నేల మీద ఆపి, గాలి పీల్చుకుని, మళ్లీ మొదటి ఎత్తులాగే మొదలుపెట్టాలి.

సంకేతం కోసం ఆగడం కూడా సాధనతోనే వస్తుంది. తోడుగా వచ్చినవాడు సెల్‌ఫోన్ చూసుకుంటూ కూర్చోకుండా ఎదురుగా నిలబడి ‘డౌన్’ అంటే సరి. ఓసారి వెంటనే, ఓసారి రెండు సెకన్లాగి చెప్పాలి. పక్కన ఎవరైనా కేకలేస్తుంటే మరీ మంచిది, పోటీలో ఉండేదీ ఆ గోలే. చేతులు వదలబోతున్నాడనిపిస్తే ‘చెయ్యి వదలొద్దురా’ అని అరవాలి. కన్నడ కుర్రాడైతే ‘కై బిడబేడ’, హోసూరు నుంచి వచ్చిన తమిళ తమ్ముడైతే ‘కై విడాదే’. మూడు భాషల్లోనూ మాట ఒకటే.

ఊపిరి సంగతి

బార్ పైన ఉన్నప్పుడు ‘హమ్మయ్య’ అని ఊపిరంతా వదిలేసేవాళ్లున్నారు. పొట్టలో బిగపట్టిన గాలే నడుముకు ఊత. అది పోయాక దించడమంటే గుంజ తీసేసిన పందిరి కింద నిలబడ్డట్టే. కాస్త వదిలినా బిగువు పోకుండా చూసుకోవాలి. బార్ నేల తాకాకే పూర్తిగా ఊపిరి తీసుకోవాలి.

ఊపిరి బిగపట్టి బరువెత్తితే రక్తపోటు ఎంత పెరుగుతుందో కెనడా పరిశోధకులు 1985లో కొలిచి చూపారు. ఐదుగురు బాడీబిల్డర్లు రెండు కాళ్లతో బరువు నెడుతుంటే సగటున 320/250కి చేరింది. ఒకరిలో 480/350 దాకా వెళ్లింది! ఆ బిగువు ఒక్కసారిగా వదిలితే ఒత్తిడి అంతే వేగంగా పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి. 2016 జులై 9న బ్రిటన్‌లోని లీడ్స్‌లో 500 కిలోలు డెడ్‌లిఫ్ట్ చేసిన తొలి మనిషి ఎడ్డీ హాల్ ఎత్తి దించాక అక్కడే కుప్పకూలాడు, ముక్కులోంచి రక్తం కారింది. ఆ పోటీ స్ట్రాంగ్‌మ్యాన్ తరహాది, పట్టీలు కట్టుకోనిస్తారు. మన జిమ్‌లో అంత బరువు ఎవరూ ఎత్తరు. అయినా కళ్లు తిరిగేది బార్ చేతుల్లో ఉండగానా, నేల మీద ఉండగానా అన్నది చిన్న విషయం కాదు. తల తేలిపోతున్నట్టుంటే లైట్ల కోసం చూడకుండా బార్ దించేసి కాసేపు కూర్చోవడం మేలు. బీపీ ఉన్నవాళ్లు డాక్టరును అడక్కుండా ఈ బరువుల జోలికి పోకూడదు. పేరున్న గుండె ఆసుపత్రి బొమ్మసంద్రలోనే ఉంది, దూరం వంక చెప్పడానికి లేదు.

ఇక ఆ మేడ మీది చప్పుడు. బరువులు ఎక్కువుండే రోజున కింది అంతస్తు జిమ్‌కు వెళ్లడం ఒక దారి. వీలుకాకపోతే ప్లేట్లు పడే రెండు చోట్లా మందపాటి రబ్బరు షీట్లు, వాటి కింద చెక్క పలక వేసుకోవాలి. రెండు పక్కలా ఒకే మందం ఉండాలి, లేదంటే బార్ ఒరుగుతుంది. లిఫ్టర్ నిలబడే చోటూ అంతే ఎత్తుండాలి. ప్లేట్లు మాత్రమే పైకి లేస్తే, పోటీలో వంగాల్సినంత ఇక్కడ వంగడు, తేడా అక్కడికెళ్లాక తెలుస్తుంది. పారిశ్రామికవాడ పక్కనే ఉంది కాబట్టి రబ్బరు షీట్ల కోసం సిటీ దాకా పోనక్కర్లేదు. నలుగురు కుర్రాళ్లు తలా కొంత వేసుకుంటే ఆ ఖర్చు తేలిపోతుంది, కింద కొట్టాయన గాజు సీసాలూ నిలుస్తాయి.