చలికి కాలిన చెయ్యి

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం. బయట ఎండ 46 డిగ్రీలు. జబల్ హఫీత్ కొండ ధూళిలో కనిపించీ కనిపించకుండా ఉంది. అటువంటి వేళ మా క్యాజువాలిటీకి ఒక డ్రైవరు చలికి కాలిన చేతితో వచ్చాడు. అల్ ఐన్‌లో, జూలై నెలలో, చలికి! కాగితం చూసి నర్సు నవ్వింది. చెయ్యి చూశాక నవ్వడం మానేసింది.

మనిషి జగిత్యాల వైపు వాడు, నలభై దాటాయి. ద్రవ నైట్రోజన్ ట్యాంకరు నడుపుతాడు. చేతికిచ్చిన గ్లౌజు చిరిగి వారమైందట. దాని బదులు గుడ్డ చుట్టుకుని గొట్టం తగిలిస్తున్నాడు. బిగింపు దగ్గర కారిన ద్రవం గుడ్డను తడిపింది. గుడ్డ వేళ్ళకు అతుక్కుపోయింది. మూడు వేళ్ళ కొసలు కొవ్వొత్తి మైనంలా తెల్లగా, గట్టిగా ఉన్నాయి. అయినా సరుకు దింపి, సంతకం పెట్టించుకుని, నలభై నిమిషాలు బండి నడిపి అప్పుడు వచ్చాడు.

“నొప్పి లేకుంటె ఏం కాలేదనుకున్న సారూ,” అన్నాడు.

అసలు ప్రమాదం అక్కడే ఉంది. నిప్పు తగిలితే ఒళ్ళు అరుస్తుంది, మనం చెయ్యి లాక్కుంటాం. ఇంత చలి తగిలితే ముందుగా మొద్దుబారేది నొప్పిని మోసుకెళ్ళే నరమే. కబురు చెప్పేవాడే పడిపోయాక ఇంటికి కబురు ఎవరు తెస్తారు? చర్మం లోపల నీరు గడ్డకట్టి కణాలు చితికిపోతున్నా మనిషికి తెలియదు. నొప్పి మొదలయ్యేది చెయ్యి వెచ్చబడ్డాకే, అప్పటికి జరగవలసింది జరిగిపోయి ఉంటుంది.

గోరువెచ్చని నీళ్ళలో చెయ్యి ఉంచి, టెటనస్ ఇంజక్షను ఇచ్చి, కట్టు కడుతుండగా అతను అడిగాడు: “సారూ, మా బామ్మర్ది నాగపూర్ దిక్కు లారీ నడుపుతడు. ఆని లారీల డీజిల్ లేదంట, గిసొంటి సల్లటి గ్యాసే పోస్తరంట. ఆని చెయ్యి కూడ గిట్లనే అయితదా?”

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తెలుసుకుని చెబుతానన్నాను. తర్వాత కొన్ని వారాలు డ్యూటీ అయ్యాక చదివినదీ, ఇంజనీరు మిత్రులను విసిగించి రాబట్టినదీ ఇది. మన సంఘంలో సగం మంది ఇంజనీర్లే గనుక తప్పులుంటే వచ్చే సమావేశంలో నన్ను పట్టుకోవచ్చు.

బామ్మర్ది లారీలో పోసేది ఎల్.ఎన్.జి., అంటే ద్రవరూప సహజవాయువు. ఇందులో ముఖ్యభాగం మీథేన్. దీన్ని సుమారు మైనస్ 162 డిగ్రీల సెంటీగ్రేడు దాకా చల్లబరిస్తే నీళ్ళలాంటి ద్రవమవుతుంది, పరిమాణం ఆరువందల వంతుకు తగ్గిపోతుంది. మనమున్న ఎమిరేట్‌కు ఇది కొత్త సరుకేమీ కాదు. అబుధాబి తీరానికి దూరంగా ఉన్న దాస్ ద్వీపంలో చమురుతో పాటు వచ్చే వాయువును ఇలాగే ద్రవంగా మార్చి 1977 నుంచీ ఓడల్లో ఎగుమతి చేస్తున్నారు. మొదట కొన్నది జపాను, అక్కడి టోక్యో విద్యుత్ కంపెనీ. కాని ఓడలో పోయేది వేరు, లారీ తాగేది వేరు. ఇక్కడ కొన్ని బంకుల్లో కార్లకు పట్టే గ్యాసు సి.ఎన్.జి.; దాన్ని చల్లబరచరు, 200 రెట్లకు పైగా ఒత్తిడి పెట్టి కుక్కుతారు. అదే ట్యాంకు జాగాలో ఎల్.ఎన్.జి. అయితే రెండున్నర రెట్లకు దగ్గరగా పడుతుంది. దూరప్రయాణం చేసే బరువైన లారీకి అందుకే అది నచ్చింది.

మన దేశంలో 2016లో తిరువనంతపురంలో ఒక ఎల్.ఎన్.జి. బస్సును ప్రయోగంగా నడిపారు. 2020 నవంబరులో జాతీయ రహదారుల మీద యాభై ఎల్.ఎన్.జి. బంకులకు శంకుస్థాపన జరిగింది. 2021 జూలైలో నాగపూర్‌లో ఒక బంకును కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ ప్రారంభించారు. హైదరాబాదు నుంచి ఉత్తరానికి పోయే లారీలన్నీ ఆ ఊరి మీదుగానే గదా పోతాయి! కనుక బామ్మర్ది మాట గాలి కబురు కాదు.

ఇక పోసే పద్ధతి. డీజిల్‌లా మూత తీసి, గొట్టం పెట్టి, పక్కవాడితో మాట్లాడుకుంటూ పోసేది కాదిది. లారీ పక్కన పొడుగ్గా కనిపించే ట్యాంకు నిజానికి ఒక పెద్ద థర్మాస్ ఫ్లాస్కు. ఉక్కు ట్యాంకులో మరో ఉక్కు ట్యాంకు, మధ్యలో గాలి లేని ఖాళీ. 1892లో జేమ్స్ డ్యూవర్ అనే శాస్త్రవేత్త చల్లని ద్రవాలను దాచుకోవడానికి కనిపెట్టిన ఉపాయమే ఇది. మనం అందులో పిల్లలకు పాలు పోసుకుని రైలెక్కుతున్నాం.

ముందు లారీని భూమికి కలిపే తీగ క్లిప్పు పెడతారు, నిప్పురవ్వ పుట్టకుండా. తర్వాత గొట్టం మూతినీ ట్యాంకు మూతినీ పొడిగాలితో ఊదుతారు. ఒక్క నీటిచుక్క ఉన్నా అది క్షణంలో మంచుగడ్డయి బిగింపును చెడగొడుతుంది. సరిగ్గా ఆ సందులోంచే ద్రవం చిమ్ముతుంది. గొట్టం ముందుగా చల్లబడాలి. వేడి గొట్టంలోకి ఈ ద్రవం పోతే పెనం మీద పోసిన నీళ్ళలా బుసబుసమని ఆవిరవుతుందే తప్ప ట్యాంకులోకి చేరదు. ట్యాంకులో అప్పటికే ఆవిరి ఒత్తిడి ఎక్కువగా ఉంటే దాన్ని ముందు దించాలి. దాన్ని గాలిలోకి వదలకుండా వేరే గొట్టం ద్వారా బంకుకే తిప్పి పంపడం మంచి పద్ధతి. అంచుదాకా నింపకూడదు, ద్రవం వేడెక్కి ఉబ్బుతుంది గనుక కొంత ఖాళీ ఉంచాలి. లెక్క లీటర్లలో కాదు, కిలోల్లో.

పోసేవాడికి ముఖానికి అడ్డు, ఒంటికి ఏప్రను, చేతులకు ప్రత్యేకమైన గ్లౌజులు. ఆ గ్లౌజులు వదులుగా ఉండాలి, విదిలిస్తే ఊడిపోవాలి. ప్యాంటు బూట్ల లోపలికి దోపుకోరాదు, పైనుంచి దిగాలి. డాక్టరుగా నన్ను ఆకట్టుకున్న నియమాలు ఈ రెండే. వేడి పెనం మీద నీటిబొట్టు చిందులు తొక్కడం చూస్తుంటాం. ఈ ద్రవానికి మన చర్మమే వేడి పెనం. ఒంటి మీద పడ్డ చుక్క తన ఆవిరి మీదే తేలి జారిపోతుంది, చాలాసార్లు ఏమీ కాదు. అదే గ్లౌజు లోపలో, బూటు లోపలో, తడిగుడ్డలోనో చిక్కిందంటే కదలక అక్కడే కూర్చుని మాంసాన్ని గడ్డకట్టిస్తుంది. మా డ్రైవరు చుట్టుకున్న గుడ్డ సరిగ్గా ఆ పనే చేసింది. ఉత్త చెయ్యి అయినా అంత కాలి ఉండేది కాదేమో. చల్లబడ్డ లోహపు గొట్టాన్ని ఉత్త చేత్తో పట్టుకుంటే మాత్రం చర్మం దానికి అతుక్కుంటుంది, లాగితే ఊడి వస్తుంది.

ఇంకొక సంగతి మన ఇల్లాళ్ళకు ఆశ్చర్యం కలిగిస్తుంది. వంటింటి సిలిండరు కారితే వాసన వస్తుంది. ఆ వాసన గ్యాసుది కాదు, మనకు తెలియడానికి కావాలని కలిపిన మందుది. ఎల్.ఎన్.జి.లో ఆ మందు కలపరు, అంత చలిలో అది గడ్డకట్టిపోతుంది. కనుక లారీలో ఎల్.ఎన్.జి. కారినా ముక్కుకు తెలియదు. కనిపించే తెల్లటి పొగ కూడా గ్యాసు కాదు, చలికి గడ్డకట్టిన గాలిలోని తేమ. ఆ పొగ లేని చోట గ్యాసు లేదని అనుకోవడానికి వీల్లేదు. చల్లగా ఉన్నంతసేపూ ఈ ఆవిరి గాలికన్నా బరువు, నేలబారునే పాకుతుంది. గాలిలో 5 నుంచి 15 శాతం దాకా ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే ఈ బండ్లకు వాయువును పసిగట్టే పరికరం ఉండాలి. మూసిన షెడ్డులో పెట్టకూడదు. ట్యాంకు పైన ఎక్కడైనా మంచు పేరుకున్నదంటే లోపలి శూన్యం చెడిందని గుర్తు.

నొప్పి లేని గాయం, వాసన లేని గ్యాసు! ఒంటికి దేవుడిచ్చిన రెండు హెచ్చరికలూ పనిచేయని పని ఇది. మిగిలేది నేర్పిన చదువొక్కటే. ఆ చదువు ఏ భాషలో చెబుతున్నారు? మా డ్రైవరు బండి మీద హెచ్చరికలు అరబ్బీలో, ఇంగ్లీషులో ఉన్నాయి. శిక్షణ ఒక పూట హిందీలో జరిగిందట. అతను చదవగలిగింది తెలుగు. అందరినీ తప్పు పట్టడం సులువే, ఒక్కొక్క డ్రైవరుకు ఒక్కొక్క భాషలో అచ్చువేయించడం కష్టమే; కాని వేలు పోయాక నేను రాసే సర్టిఫికెట్టు కూడా అతను చదవలేడు.

ఈ ఇంధనానికి మరో గుణం ఉంది: కూర్చోదు. ఎంత మంచి ఫ్లాస్కయినా వేడి కొంచెం కొంచెంగా లోపలికి పోతూనే ఉంటుంది, ద్రవం మరుగుతూనే ఉంటుంది. అల్ ఐన్ వేసవిలో బయటికీ లోపలికీ తేడా 200 డిగ్రీల పైమాటే. లారీ ట్యాంకులు సాధారణంగా అయిదు రోజుల వరకు ఆవిరిని పట్టి ఉంచేట్టు చేస్తారు. ఆ తర్వాత కవాటం తెరుచుకుని గ్యాసు పైకి పోతుంది. మీథేన్ భూమిని వేడెక్కించడంలో నూరేళ్ళ లెక్కన బొగ్గుపులుసు వాయువుకు పాతిక రెట్లకు పైన. కనుక రోజూ తిరిగే లారీకి ఇది సరిపడవచ్చు గాని, జూన్‌లో కారును ఎయిర్‌పోర్టులో వదిలి రెండు నెలలు ఇండియా పోయే మనబోటివాళ్ళకు కాదు. ఆ ముచ్చటా జరిగింది. బి.ఎం.డబ్ల్యు. వాళ్ళు 2006లో ద్రవ హైడ్రోజన్‌తో నడిచే కారు తెచ్చారు. దానికి చలి మైనస్ 253. బండి నిలిపిన పదిహేడు గంటలకే ఆవిరి పోవడం మొదలు, సగం నిండిన ట్యాంకు తొమ్మిది రోజుల్లో దాదాపు ఖాళీ. నూరు కార్లతో ఆ ప్రయత్నం ఆగింది. లారీల్లో మాత్రం ఆశ పోలేదు. 2023 సెప్టెంబరులో జర్మనీలో ఒక మెర్సిడెస్ లారీ ఒకసారి నింపిన ద్రవ హైడ్రోజన్‌తో 1,047 కిలోమీటర్లు నడిచింది.

కూర్చోని ఇంధనమంటే నాకు మా ఊరు గుర్తుకొస్తుంది. నాది నాయుడుపేట. చిన్నప్పుడు నెల్లూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. శ్రీహరికోటలో రాకెట్ లేస్తే మా డాబా మీదినుంచి కనిపించేది. 2019 జూలై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 కోసం ఊరంతా డాబాలెక్కింది. శీతల ఇంధనం నింపే పని ఆఖరి ఘట్టంలో ఉండగా, ఇంకా 56 నిమిషాలుందనగా, లోపం కనిపించి లెక్క ఆపేశారు. అందరూ ఉసూరుమంటూ దిగారు. పోసిన ద్రవాన్ని రేపటికని అట్టే పెట్టరు. మళ్ళీ జాగ్రత్తగా బయటికి తీసి, సరిచేసి, జూలై 22న కొత్తగా నింపి పంపారు. అంత పెద్ద సంస్థ, ఆ గడియలో వెనక్కి తగ్గింది. తొందరపడి పని ముగించి ఉంటే ఏమయ్యేదో! చిరిగిన గ్లౌజుతో సరుకు దింపే డ్రైవరుకు ‘ఆపేస్తున్నాను’ అనే వీలు ఎవరిచ్చారు?

ఎవరికైనా అవసరం పడవచ్చు గనుక చికిత్స కూడా చెబుతాను. చలికి కాలిన చోటును రుద్దకూడదు. పొయ్యి దగ్గర, హీటరు దగ్గర కాచకూడదు. మొద్దుబారిన చెయ్యి మాడినా తెలియదు. వెన్న, టూత్‌పేస్టు వద్దే వద్దు. అతుక్కున్న బట్టను లాగకుండా 37 నుంచి 39 డిగ్రీల నీళ్ళలో, అంటే పసిబిడ్డ స్నానానికి పెట్టుకునే వేడిలో, అర్ధగంట దాకా ఉంచాలి. ఉంగరాలు వాపు రాకముందే తీసేయాలి. బొబ్బలు చిదపకుండా ఆసుపత్రికి తీసుకురావాలి. ద్రవ ఆక్సిజన్ బట్టల మీద పడితే మాత్రం ఇంకో జాగ్రత్త, ఆ బట్టలు విప్పి ఆరుబయట ఆరేదాకా సిగరెట్టు మాటే తలపెట్టరాదు.

మా డ్రైవరుకు రెండు వేళ్ళు బాగుపడ్డాయి. చూపుడువేలి కొస కొంత పోయింది. చివరిసారి కట్టు విప్పిననాడు, ఇదంతా ఒక కాగితం మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాను. నిదానంగా చదివి, “చేతితొడుగులని రాసిన్రు సారూ, ఆనికి తెల్వదు. గ్లౌజులని రాయుండ్రి,” అన్నాడు. కొట్టేసి రాశాను. ఫోనులో ఫోటో తీసి నాగపూర్ పంపాడు.

మర్నాడు ఫోను చేశాడు. బామ్మర్ది గ్లౌజులు బాగానే ఉన్నాయట, ముఖానికి అడ్డు కూడా ఇచ్చారట. కాని వాసన రాదన్న మాట నమ్మక బంకులో అడిగాడట, నిజమేనన్నారట. అంతవరకూ అతను రోజూ పొద్దున్నే ట్యాంకు దగ్గర వంగి వాసన చూసి, ఏమీ లేదనుకుని బండి తీసేవాడట.