నీడన కొలిచే ఎండ

రాప్తాడు ఎండ ఎట్లుంటుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. మే నెలలో పొద్దున తొమ్మిదికే ఎర్రనేల కాలుతుంది. గడ్డపార పట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది. "ఈ పొద్దు ఎండ ఎంతన్నా?" అని పనికాడ ఆడవాళ్లు అడుగుతారు. సాయంత్రానికి వాతావరణ శాఖ ఒక అంకె చెబుతుంది. ఆ అంకె ఎవరి ఎండ?

కొలిచే సాధనాన్ని తెల్లరంగు వేసిన చెక్కపెట్టెలో పెడతారు. నేలకు నాలుగడుగుల ఎత్తున, గాలి ఆడేట్టు, ఎండ తగలకుండా. అంటే అది నీడన ఉన్న గాలి వేడి. ఊరికీ ఊరికీ, ఏటికీ ఏటికీ పోల్చాలంటే అట్లే కొలవాల. కొలతలో తప్పు లేదు. కానీ కూలి మనిషి ఆ పెట్టెలో లేడు. పైనుంచి సూర్యుడు, కిందినుంచి నేల, మధ్యలో పని వేడి. ఈ మూడూ ఏ రికార్డుకూ ఎక్కవు.

దేశం రికార్డులు చూడండి. 1956లో రాజస్థాన్‌లోని అల్వార్‌లో 50.6 డిగ్రీలు. అరవై ఏళ్లకు, 2016 మే 19న, అదే రాష్ట్రంలోని ఫలోదిలో 51 డిగ్రీలు. చలిలో లద్దాఖ్‌లోని ద్రాస్ పేరు చెబుతారు. చలికాలంలో అక్కడ సున్నాకు చాలా కిందికి పోతుంది. ఆ లద్దాఖ్ కొండల్లో రోడ్లు వేసేదెవరు? జార్ఖండ్‌లోని దుమ్కా నుంచి పొట్ట చేతబట్టుకుని పోయిన కూలీలు. ఎండైనా చలైనా ముందు తగిలేది మన తోటివాళ్లకే.

2024 మే 29న ఢిల్లీ శివారు ముంగేశ్‌పూర్‌లో యంత్రం 52.9 డిగ్రీలు చూపింది. దేశమంతా గగ్గోలు. వెంటనే నిపుణుల్ని పంపి పరీక్షించారు. యంత్రం మూడు డిగ్రీలు ఎక్కువ చూపిందని తేల్చారు. మంచిదే, లెక్క సరిగా ఉండాల్సిందే. మరి కూలి మనిషి చేనులో కూలిపోతే అంత శ్రద్ధ ఏదీ?

2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో 1,500 మందికి పైగా చనిపోయారు. ఇది సర్కారు ఒప్పుకున్న లెక్క. ఒప్పుకోనిది ఎంతో! ఆంధ్రప్రదేశ్‌లో కుటుంబానికి లక్ష రూపాయలు ప్రకటించారు. కానీ వడదెబ్బే అని రుజువు కావాల. మన ఇళ్లలో ఏం జరుగుతుంది? పని నుంచి వచ్చి పడుకున్నవాడు తెల్లారి లేవడు. "గుండె ఆగింది" అంటారు. శవపరీక్ష లేకుండానే మట్టి చేస్తాం. కాగితం లేదు, కాబట్టి చావూ లేదు!

ఇంకో మెలిక. మైదానంలో ఎండ 45 తాకితేనో, లేక 40 దాటి మామూలు కన్నా 4.5 డిగ్రీలు పెరిగితేనో వడగాడ్పు అంటారు. ఎప్పుడూ మండే మన సీమలో 42 డిగ్రీలు ఉన్నా లెక్కలో అది వడగాడ్పు కాకపోవచ్చు. ఒళ్లు మాత్రం లెక్క చూసుకుని సొమ్మసిల్లదు.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన జిల్లాలోని బండ్లపల్లిలోనే మొదలైంది. పనికాడ తాగునీళ్లు, నీడ, మందుల పెట్టె ఉండాలని ఆ చట్టంలోనే రాశారు. అది దయ కాదు, కూలీల హక్కు అని అప్పుడే ఒప్పుకున్నారు. ఆ హక్కును ఏ పనిలోనూ వదులుకోకూడదు.

కాబట్టి అక్కలారా, అన్నలారా! ఎండాకాలం తెల్లవారుజామునే పనికి దిగి, పది పదకొండుకల్లా చాలిద్దాం. దానికి కూలి కోయనివ్వొద్దు. నీళ్లు, నీడ లేనికాడ ముందు అవి అడిగి, ఆ తర్వాతే పార పడదాం. ఎవరికైనా చెమట ఆగి ఒళ్లు కాలిపోతున్నా, మాట తడబడినా నీడకు చేర్చి, తడిగుడ్డ చుట్టి, విసురుతూ ఆస్పత్రికి తీసుకుపోదాం. ప్రాణం పోతే శవపరీక్ష అడుగుదాం.

ఫలోది ఎండకు రికార్డుంది. మన చావుకూ రికార్డు ఉండాల. అంతకన్నా ముందు, ఆ చావు రాకుండా ఉండాల.